చదివింది ఎక్కడ రాసుకోవాలి? కాగితం, వాట్సాప్, కీప్, నోషన్, టెక్స్ట్ ఫైళ్లు: ఎవరికి ఏది నప్పుతుంది

పోయిన నెల ఫోన్‌లో వేరేదేదో వెతుకుతుంటే రెండేళ్ల కిందటి నా నోట్ ఒకటి బయటపడింది. అందులో ఉన్నది మొత్తం ఇదే: “187వ పేజీ, రెండో పేరా. చాలా చాలా ముఖ్యం!!” ఏ పుస్తకమో లేదు. ఎందుకు ముఖ్యమో లేదు. ఆ ఏడాది చదివినవాటిలో నా దగ్గర మిగిలినవి నాలుగు పుస్తకాలు. నాలుగూ కిందికి దించి 187వ పేజీ తీశాను. ఒకదానికి అసలు అన్ని పేజీలే లేవు, మిగతా మూడింట్లో ఆ పేరా రెండేసి సార్లు చదివినా రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టేంత విషయం నాకేమీ కనిపించలేదు.

ఈ ఆరేళ్లలో చదివినవాటి గురించి కాగితం మీద రాశాను, వాట్సాప్‌లో నాకు నేనే పంపుకున్నాను, గూగుల్ కీప్‌లో రంగురంగుల చీటీలు పెట్టాను, నోషన్ అనే యాప్‌లో ఒక పెద్ద లైబ్రరీ కట్టాను, చివరికి మామూలు టెక్స్ట్ ఫైళ్ల దగ్గర ఆగాను (ఆగాను అంటున్నాను గానీ కాగితం ఇంకా వదల్లేదు). యాప్ మార్చిన ప్రతిసారీ నాకు నేను చెప్పుకున్న కారణం ఒకటే, ‘ఇందులో రాసుకోవడం సులువు’ అని. నిజానికి రాసుకోవడం ఎక్కడైనా సులువే. అవసరం పడ్డ రోజున అది దొరుకుతుందా అనేదగ్గరే అసలు తేడాలన్నీ ఉన్నాయి. ఈ పోలిక అంతా ఆ వైపు నుంచే చేస్తున్నాను, కాబట్టి టెంప్లేట్ల అందం, ఫాంట్ల సోకు చూసి ఎంచుకునేవాళ్లకు ఇది అంతగా పనికిరాకపోవచ్చు.

## దేన్ని బట్టి చూడాలి

మొదటిది, చెప్పాను కదా, తిరిగి దొరకడం. పుస్తకం పేరు మర్చిపోయినా, ఏ నెలలో చదివామో మర్చిపోయినా, గుర్తున్న ఒక్క మాటతో అది బయటికి రావాలి.

రెండోది, చదువుతూ చదువుతూ రాయడానికి ఎంతసేపు ఆగాలి అన్నది. పుస్తకం పక్కన పెట్టి, ఫోన్ తీసి, లాక్ తెరిచి, యాప్ నొక్కి, కొత్త పేజీ తెరిచేలోపు మధ్యలో మూడు నోటిఫికేషన్లు కనిపిస్తాయి. వాటిలో ఒకటి మనల్ని లాక్కుపోతుంది. నోట్ సంగతి దేవుడెరుగు, పుస్తకమే మూతపడుతుంది.

మూడోది, బయటికి తీసుకెళ్లగలగడం. దీన్ని మొదట్లో ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు. బ్లాగులూ వార్తల సైట్లూ ఒకేచోట చదువుకునే గూగుల్ రీడర్ 2013 జులై 1న ఆగిపోయింది. తర్వాత చదువుదామని వ్యాసాలు దాచుకునే పాకెట్‌ను మొజిల్లా 2025 జులై 8న మూసేసింది. అలాంటిదే ఆమ్నివోర్ 2024 నవంబరులో మూతపడింది. నోట్స్ యాప్ ఎవర్‌నోట్ మూతపడలేదు గానీ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాకు 50 నోట్లే అని గీత గీసింది. ఇవేవీ ఊరూ పేరూ లేని యాప్‌లు కావు, లక్షల మంది ఏళ్ల తరబడి వాడినవి. అందుకని యాప్ ఎంత మంచిదో చూసేటప్పుడే, రేపు ఇది లేకపోతే నా రాతలు ఏ రూపంలో నా చేతికొస్తాయి అని కూడా చూసుకోవాలి.

నాలుగోది తెలుగు. దీనికి ఒక్క పేరా చాలదు.

## తెలుగులో వెతకడం అనే తలనొప్పి

ఇంగ్లీషులో రాసుకునేవాళ్లకు ఈ బాధ తక్కువ. మనకు మాట చివర ప్రత్యయం అతుక్కుని మాట రూపమే మారిపోతుంది. నోట్‌లో ‘జ్ఞాపకాలు’ అని రాసి ఆర్నెల్ల తర్వాత ‘జ్ఞాపకం’ అని వెతికితే యాప్ ఏమీ లేదంటుంది. దాని తప్పేం లేదు, అక్షరాలు వేరు. ‘జ్ఞాపక’ దగ్గర ఆపి వెతికితే జ్ఞాపకం, జ్ఞాపకాలు, జ్ఞాపకశక్తి అన్నీ వస్తాయి, అదీ ఆ యాప్ మాటలోని ముక్కను కూడా పట్టుకునేదైతే. పూర్తి మాటలనే పోల్చే యాప్‌లలో ఈ కిటుకు పారదు. ఇక ‘ఇంట్లో’ అని రాసి ‘ఇల్లు’ అని వెతికేవాళ్లను ఏ కిటుకూ కాపాడలేదు.

దీనికి తోడు మనం ఒకే మాటను రెండు రకాలుగా రాస్తాం. పెళ్ళి, పెళ్లి. వాళ్ళు, వాళ్లు. ఇంగ్లీషు, ఇంగ్లిష్, ఆంగ్లం. మెదడు అని ఒకరోజు, బ్రెయిన్ అని ఇంకోరోజు. అసలు ఇబ్బంది కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది: ‘సాఫ్ట్‌వేర్’ అని సరిగ్గా టైప్ చేస్తే పొల్లు ట్ తర్వాత, వే ముందు, కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది, అదే లేకపోతే ఫ కింద ట ఒత్తుతో పాటు వ ఒత్తు కూడా పడి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు. ఫోన్‌లో ఒక రకంగా రాసి కంప్యూటర్‌లో ఇంకో రకంగా వెతికితే చాలా చోట్ల దొరకదు. నాకిది తెలియడానికి ముందు, ఉన్న నోట్ లేదనుకుని అదే విషయం మూడుసార్లు రాసుకున్న సందర్భం ఉంది.

పాత తెలుగు పీడీఎఫ్‌లది ఇంకో కథ. యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే రకం నంబర్లు ఇచ్చే పద్ధతిలో, తెలుగుకు 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది గానీ, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మన డీటీపీ అంతా ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు పెట్టిన ఫాంట్ల మీదే నడిచింది. అలాంటి పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌లో పేస్ట్ చేస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తుల వరస పడుతుంది. స్కాన్ చేసిన పుస్తకమైతే కాపీ చేయడానికి అక్షరాలే ఉండవు, అది ఉత్త బొమ్మ. ఆ పేజీని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మ కింద తెలుగు అక్షరాలు వస్తాయి, ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి గానీ వెతకడానికి సరిపోతుంది.

కాబట్టి ఏ యాప్ అయినా సరే, ఎంచుకునే ముందు ఐదు నిమిషాల పరీక్ష ఒకటి పెట్టండి. ఒక నోట్‌లో ‘జ్ఞాపకాలు, సాఫ్ట్‌వేర్, పెళ్ళిలో’ అని రాసి, బయటికొచ్చి ‘జ్ఞాపక’, ‘సాఫ్ట్’, ‘పెళ్’ అని విడివిడిగా వెతకండి. మూడూ దొరికితే ఆ యాప్ తెలుగుకు పనికొస్తుంది. ఒకటి దొరక్కపోయినా మానేయనక్కర్లేదు, నోట్ కింద వెతుకుడు మాటలు విడిగా రాసుకునే అలవాటు చేసుకోవాలి, అంతే. నేను ఇప్పుడు రాసే నోట్ ఇలా ఉంటుంది:

> నిద్ర మీద పుస్తకం, 5వ అధ్యాయం, ‘కాఫీ’ ఉపశీర్షిక దగ్గర
> మనం తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు 5 గంటలు. అంటే సాయంత్రం 5కి తాగితే రాత్రి 10కి ఇంకా సగం ఉన్నట్టు.
> నా మాట: నాకు 11 దాకా నిద్ర పట్టకపోవడం ఫోన్ వల్లే అనుకుంటున్నాను, ఇది కూడా చూడాలి.
> వెతకడానికి: నిద్ర, కాఫీ, కెఫీన్, జ్ఞాపక

పేజీ నంబరు బదులు అధ్యాయం, ఉపశీర్షిక రాయడానికి కారణం ఉంది. ఈ-బుక్‌లో అక్షరాల సైజు పెంచితే పేజీలు జరిగిపోతాయి, 187 కాస్తా 240 అవుతుంది. అచ్చు పుస్తకంలోనూ కొత్త ముద్రణ వస్తే మారొచ్చు. అధ్యాయం పేరు ఎక్కడికీ పోదు.

## కాగితం నోట్‌బుక్

రాయడానికి పట్టే సమయంలో దీనికి పోటీ లేదు. పెన్ను పుస్తకంలోనే ఉంటుంది, నోటిఫికేషన్ రాదు, ఒత్తులూ దీర్ఘాలూ కీబోర్డ్‌తో యుద్ధం చేయకుండా పడతాయి.

చేత్తో రాస్తే బాగా గుర్తుంటుందని అందరూ అంటారు. ల్యాప్‌టాప్‌లో రాసుకున్నవాళ్ల కంటే చేత్తో రాసుకున్న విద్యార్థులు భావాలకు సంబంధించిన ప్రశ్నలకు బాగా జవాబిచ్చారని 2014లో ఒక పరిశోధన వచ్చి బాగా ప్రచారమైంది. తర్వాత 2019లోనూ 2021లోనూ అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి చూసినవాళ్లకు ఆ తేడా అంత స్పష్టంగా రాలేదు. కాబట్టి ఆ ఒక్క కారణంతో కాగితం పట్టుకోనక్కర్లేదు. నేను పట్టుకోవడానికి కారణం వేరు: చెయ్యి నొప్పి పుడుతుంది కాబట్టి పేరాలు పేరాలు ఎత్తి రాయను, నాకు అర్థమైంది రెండు ముక్కల్లో రాసి ఊరుకుంటాను.

వెతకడంలో మాత్రం ఇది చాలా వెనక. మూడు నోట్‌బుక్‌లు దాటాక ఏది ఎందులో ఉందో ఎవరికీ తెలియదు. మందు ఒకటే, మొదటి రెండు పేజీలు ఖాళీగా వదిలి, పేజీలకు నంబర్లు వేసి, అక్కడ విషయసూచిక రాసుకోవడం. విసుగే, కానీ పనిచేస్తుంది. కాగితంతో జీవితమంతా గడిపినవాళ్లు లేకపోలేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమాన్ (1927–1998) దాదాపు 90,000 చీటీలు రాసి, ప్రతి చీటీకీ ఒక నంబరు ఇచ్చి, ఒక చీటీ మీద ఇంకో చీటీ నంబరు వేసి కలిపి, చెక్క పెట్టెల్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు నోట్స్ యాప్‌ల గురించి మాట్లాడే ప్రతివాళ్లూ ఆయన పేరు ఎత్తుతారు. అయితే ఆయన ఆ చీటీలతో పుస్తకాలు రాసే పని పెట్టుకున్న మనిషి, మనం నెలకు ఒకటో రెండో పుస్తకాలు చదివేవాళ్లం. ఆయన పద్ధతి మనకు కావాలా అంటే, నాకైతే అక్కర్లేదనే అనిపించింది.

నెలకోసారి పేజీలను ఫొటోలు తీసి పెట్టుకోండి. కాఫీ ఒలకడానికి ఒక్క క్షణం చాలు.

## వాట్సాప్‌లో మనకు మనమే

నవ్వకండి, చాలామంది నిజంగా వాడుతున్నది ఇదే. 2022 నవంబరులో మనకు మనమే మెసేజ్ పంపుకునే వీలు అధికారికంగా వచ్చింది. అంతకుముందు ఇంకొకరితో గ్రూపు పెట్టి, వాళ్లను తీసేసి, మిగిలిన ఒంటరి గ్రూపులో రాసుకునేవాళ్లం.

యాప్ ఎలాగూ తెరిచే ఉంటుంది కాబట్టి రాయడం క్షణాల పని. లింకులు, ఫొటోలు, వాయిస్ అన్నీ ఒకేచోట పడతాయి. అదే దీని బలం, అదే దీని బలహీనత: నిద్ర పుస్తకం గురించిన నోట్‌కు పైన కరెంటు బిల్లు ఫొటో, కింద ఎవరిదో ఫోన్ నంబరు. శీర్షికలు లేవు, విభాగాలు లేవు. వాయిస్ నోట్లయితే ఇంకా ఘోరం, నడుస్తూ నలభై దాకా పెట్టుకున్నాను, ఒక్కటి కూడా మళ్లీ వినలేదు. నా గొంతు నేనే వినలేకపోవడం ఒక కారణం అనుకోండి, కానీ వాయిస్‌లో మాటను పట్టుకుని వెతకలేకపోవడం అసలు కారణం.

నా సలహా, దీన్ని దాచుకునే చోటుగా కాకుండా గుమ్మం దగ్గర బల్లలా వాడండి. వారానికోసారి దాని మీద ఉన్నవి తీసి అసలు చోట పెట్టేయాలి. అసలు చోటంటూ లేకపోతే మాత్రం ఆ బల్ల మీదే అన్నీ పేరుకుపోతాయి.

## గూగుల్ కీప్, ఆపిల్ నోట్స్: ఫోన్‌తో వచ్చే మామూలు యాప్‌లు

నోట్స్ యాప్ ఏది వాడాలి అని అడిగేవాళ్లలో ఎక్కువమందికి జవాబు ఇక్కడే ఉంది, కానీ మరీ మామూలుగా ఉన్నాయని వీటిని ఎవరూ లెక్కచేయరు. కీప్ 2013 నుంచి ఉంది. తెరిస్తే చీటీలు, అంతే. లేబుళ్లు ఉన్నాయి, కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ ఒకేలా కనిపిస్తాయి, గూగుల్ కీబోర్డ్‌లో మైకు నొక్కి తెలుగులో చెబితే అక్షరాలుగా పడుతుంది కాబట్టి టైపింగ్ రానివాళ్లకు కూడా ఇబ్బంది లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగుగా మార్చే కీబోర్డు కూడా అందులోనే ఉంది. దయచేసి తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే వదిలేయకండి, ఒకే మాటను నాలుగు రకాల స్పెల్లింగులతో రాస్తాం, తర్వాత ఏ స్పెల్లింగుతో వెతకాలో బ్రహ్మకు కూడా తెలియదు.

కీప్ చీటీలు చిన్నవాటికే. ఒక పుస్తకం మీద నాలుగైదు పేజీలు రాసేవాళ్లకు ఇరుకుగా ఉంటుంది. బయటికి తీయాలంటే గూగుల్ టేక్‌అవుట్ అనే సేవ ద్వారా అన్ని నోట్లూ ఒక జిప్ ఫైలుగా వస్తాయి, ఒక్కో నోట్ ఒక్కో వెబ్ పేజీలా ఉంటుంది, చదువుకోవచ్చు, వెతకొచ్చు. అందంగా ఉండదు గానీ పోదు.

ఆపిల్ నోట్స్ రాయడానికి దీనికంటే విశాలం, పొడుగు నోట్లకు బాగుంటుంది. ఏళ్ల తరబడి దాని లోపం బయటికి తీయడమే. 2025లో వచ్చిన ఐఓఎస్ 26లో నోట్‌ను మార్క్‌డౌన్‌గా (శీర్షికలకూ జాబితాలకూ చిన్న గుర్తులు పెట్టిన మామూలు టెక్స్ట్) బయటికి పంపే వీలు ఇచ్చారు, దాంతో ఆ బాధ కొంత తగ్గింది. రేపెప్పుడైనా ఆండ్రాయిడ్‌కు మారే ఆలోచన ఉంటే మాత్రం దీన్ని మొదలుపెట్టకండి.

## నోషన్ (పక్కన వన్‌నోట్, ఎవర్‌నోట్)

నోషన్‌లో నేను ఒక ఆదివారం పొద్దున్న కూర్చున్నాను. పుస్తకం పేరు, రచయిత, ఏ రకం, మొదలుపెట్టిన తేదీ, పూర్తిచేసిన తేదీ, నక్షత్రాలు, ఒక్కో పుస్తకానికి అట్ట బొమ్మ. సాయంత్రానికి చూస్తే లైబ్రరీ అద్భుతంగా తయారైంది. ఆ రోజు చదివిన పేజీలు మాత్రం సున్నా. తర్వాతి మూడు వారాలు కూడా లైబ్రరీని సర్దడంతోనే సరిపోయింది. ఇది యాప్ లోపం కాదు, నాలాంటి మనిషికి ఇలాంటి యాప్ ఇస్తే జరిగేదే.

ఏం చదివాం, ఎప్పుడు చదివాం, ఇంకా ఏవి చదవాలి అని పట్టికగా చూసుకోవాలనుకునేవాళ్లకు దీన్ని మించింది లేదు. నలుగురు కలిసి చదువుకునే బృందానికైతే ఇంకా బాగుంటుంది, ఒకే పేజీలో అందరూ రాయొచ్చు. నెట్ లేకపోతే తెరుచుకోదన్న పాత ఫిర్యాదు 2025 ఆగస్టులో ఆఫ్‌లైన్ సౌకర్యం రావడంతో చాలావరకు తీరింది. బయటికి తీస్తే పేజీలు మార్క్‌డౌన్‌గానూ పట్టికలు సీఎస్‌వీగానూ (గడులను కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) వస్తాయి. రాతలు వస్తాయి, కానీ మీరు కట్టుకున్న ఆ అందమైన ఏర్పాటు రాదు, ఇల్లు మారినప్పుడు సామాను వచ్చి అలమరాలు రానట్టు.

మైక్రోసాఫ్ట్ వన్‌నోట్ 2003 నుంచి ఉంది, పెన్నుతో స్క్రీన్ మీద రాసేవాళ్లకు మంచిదే. ఎవర్‌నోట్‌ను కొత్తగా మొదలుపెట్టమని ఉచితంగా వాడాలనుకునేవాళ్లకు నేను చెప్పను, 50 నోట్లు రెండు నెలల్లో నిండిపోతాయి.

## టెక్స్ట్ ఫైళ్లు, వాటి మీద ఆబ్సిడియన్

ఇక్కడ నేను పక్షపాతిని, ముందే చెప్పేస్తున్నాను.

సంగతి చాలా సాదా. ఒక ఫోల్డర్, అందులో ఒక్కో పుస్తకానికి ఒక్కో టెక్స్ట్ ఫైలు. ఆబ్సిడియన్ 2020లో వచ్చింది, అది ఆ ఫోల్డర్‌ను తెరిచి చూపించే కిటికీ మాత్రమే. దాన్ని తీసేసినా ఫైళ్లు మన కంప్యూటర్‌లోనే ఉంటాయి, నోట్‌ప్యాడ్‌తో కూడా తెరుచుకుంటాయి. శీర్షికలకూ జాబితాలకూ వాడే మార్క్‌డౌన్ గుర్తులు 2004లో జాన్ గ్రూబర్ తయారుచేసినవి, అరగంటలో వచ్చేస్తాయి. సొంత వాడకానికి ఆబ్సిడియన్ ఉచితం. దాని కోడ్ బహిరంగం కాదని ఇష్టపడనివాళ్లకు జోప్లిన్ ఉంది.

పరిమాణం గురించి బెంగ అక్కర్లేదు. యూనికోడ్ అక్షరాలను ఫైళ్లలో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి 3 బైట్లు. ఒక నోట్‌లో 2,000 సంకేతాలు అనుకున్నా 6 కిలోబైట్లు, వెయ్యి నోట్లకు 6 మెగాబైట్లు. ఫోన్‌లో తీసిన ఒకటి రెండు ఫొటోలంత. జీవితాంతం చదివింది మొత్తం ఒక మెయిల్‌కు అతికించి పంపుకోవచ్చు.

తెలుగు వెతకడంలో కూడా ఇదే ముందుంది, ఎందుకంటే మామూలు టెక్స్ట్ ఎడిటర్లు అక్షరాల ముక్కను ఉన్నది ఉన్నట్టు పోలుస్తాయి, ‘జ్ఞాపక’ అంటే అన్నీ తెచ్చి పోస్తాయి. కనిపించని అక్షరం బాధ మాత్రం ఇక్కడా తప్పదు.

మరి లోపం? ఫోన్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఫైళ్లు కలిసేలా చూసుకోవడం మన బాధ్యత. ఆబ్సిడియన్ వాళ్ల సింక్‌కు డబ్బు కట్టాలి, లేదంటే ఐక్లౌడ్ లాంటిది వాడుకోవాలి, రెండు చోట్లా ఒకేసారి మార్చితే ఒకే ఫైలుకు రెండు కాపీలు పుట్టి కూర్చుంటాయి. బ్యాకప్ కూడా మనమే చూసుకోవాలి. ఫోల్డర్, ఫైలు అన్న మాటలు వింటేనే విసుగొచ్చేవాళ్లకు ఇది చెప్పి ఒప్పించే ప్రయత్నం మానేశాను. ఇంకొక గుంట ప్లగిన్‌లు, అంటే యాప్‌కు పైనుంచి తగిలించుకునే అదనపు సౌకర్యాలు: నోషన్‌లో అలమరాలు సర్దినట్టే ఇందులో ప్లగిన్‌లు సర్దుతూ నెల గడిపేయొచ్చు. మొదటి మూడు నెలలు ఒక్క ప్లగిన్ కూడా పెట్టకండి.

## చదివే యాప్‌లోనే హైలైట్లు

వేలితో గీస్తే అయిపోతుంది, ఇంతకంటే తేలిక ఏముంది? కిండిల్‌లో గీసినవన్నీ ఒక చోట కనిపిస్తాయి, ఆ పరికరంలోనే ‘మై క్లిప్పింగ్స్’ అని ఒక టెక్స్ట్ ఫైలు కూడా ఉంటుంది, కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి కాపీ చేసుకోవచ్చు. చాలామందికి ఆ ఫైలు ఉందని కూడా తెలియదు. అయితే ఒక పుస్తకంలో ఎంత భాగం అలా బయటికి తీయవచ్చో ప్రచురణకర్త హద్దు పెట్టి ఉండొచ్చు, ఆ హద్దు దాటాక గీసినవి ఎక్స్‌పోర్ట్‌లో రావు.

గీయడం చదవడం కాదని మాత్రం గుర్తుపెట్టుకోండి. చదివే పద్ధతులను పోల్చి 2013లో వచ్చిన ఒక సమీక్షలో గీతలు గీయడానికి తక్కువ మార్కులే పడ్డాయి, పుస్తకం మూసి గుర్తుచేసుకోవడానికి ఎక్కువ పడ్డాయి. నా అనుభవమూ అంతే. పేజీకి రెండు గీతలు గీసిన పుస్తకంలో ఏముందో చెప్పమంటే నీళ్లు నమిలాను.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| ఎంపిక | వెంటనే రాయడం | తిరిగి దొరకడం | బయటికి తీయడం | ఎక్కడ దెబ్బతింటాం |
|---|---|---|---|---|
| కాగితం | అన్నిటికంటే తేలిక | సూచిక రాస్తేనే | ఫొటోలుగా | మూడో నోట్‌బుక్ దగ్గర |
| వాట్సాప్ | క్షణాల్లో | కష్టం | కలగాపులగంగా వస్తుంది | అన్నీ కలిసిపోయినప్పుడు |
| కీప్ | తేలిక | చిన్న నోట్లకు బాగుంది | జిప్ ఫైలుగా వస్తుంది | పొడుగ్గా రాయాలన్నప్పుడు |
| ఆపిల్ నోట్స్ | తేలిక | బాగుంది | ఇప్పుడు ఫరవాలేదు | ఫోన్ కంపెనీ మారినప్పుడు |
| నోషన్ | నెమ్మది | పట్టికలు కట్టుకుంటే చాలా బాగుంది | రాతలు వస్తాయి, ఏర్పాటు రాదు | సర్దడంలో మునిగినప్పుడు |
| టెక్స్ట్ ఫైళ్లు | మధ్యస్థం | తెలుగుకు అన్నిటికంటే మేలు | తీయాల్సిన పనే లేదు | సింక్, బ్యాకప్ |
| హైలైట్లు | వేలితో గీత | పుస్తకం పేరు గుర్తుంటేనే | హద్దులతో | గీసి మర్చిపోయినప్పుడు |

“ఇప్పుడు ఏఐ ఉంది కదా, అన్నీ ఒకచోట పడేస్తే అదే వెతికి పెడుతుంది” అని ఒక స్నేహితుడు అన్నాడు. కొంత నిజమే. గూగుల్ నోట్‌బుక్ఎల్ఎమ్ లాంటివాటికి మన ఫైళ్లు ఇచ్చి ప్రశ్న అడిగితే, మాట రూపం వేరైనా భావం పట్టుకుని చూపించగలవు, ‘ఇల్లు’ ‘ఇంట్లో’ బాధ అక్కడ తగ్గుతుంది. అందుకు కూడా రాతలు బయటికి తీసి ఇవ్వగలిగిన రూపంలో ఉండాలి. సొంత విషయాలు రాసుకున్న నోట్లు ఇచ్చే ముందు ఒకసారి ఆలోచించుకోండి. పైగా నా “187వ పేజీ, చాలా చాలా ముఖ్యం” నోట్ ఇస్తే అది మాత్రం ఏం చేస్తుంది పాపం.

## మీరు ఎలాంటి చదువరి?

నెలకు ఒక పుస్తకం, అదీ తీరికగా, ఎక్కువగా కథలూ నవలలూ చదివేవాళ్లయితే ఒక్క కాగితం నోట్‌బుక్ చాలు. నవలలకు ‘వెతుకుడు మాటలు’ రాసుకోవడం నాకు ఎప్పుడూ కుదరలేదు, నచ్చిన వాక్యం రాసుకుని తేదీ వేస్తే సరిపోతుంది. ఈ వ్యాసంలో సగం మీకు అనవసరం.

ఫోన్‌లోనే వ్యాసాలు, వార్తలు, లింకులు ఎక్కువగా చదివేవాళ్లకు కీప్. లింకు మాత్రం దాచి ఊరుకోకండి, రెండేళ్లకు ఆ పేజీ ఉంటుందన్న నమ్మకం లేదు. అందులో మీకు కావలసిన రెండు వాక్యాలు కాపీ చేసి, కింద లింకు పెట్టండి. వ్యాసం మొత్తం దాచుకోవాలంటే ఇన్‌స్టాపేపర్ 2008 నుంచి నడుస్తోంది, సాంకేతికంగా కాస్త చెయ్యి తిరిగినవాళ్లకు సొంత సర్వర్‌లో పెట్టుకునే వాలబాగ్ ఉంది.

పరీక్షలకో ఉద్యోగానికో చదివేవాళ్ల లెక్క వేరు. మీకు దాచుకోవడం కంటే గుర్తుండడం ముఖ్యం కాబట్టి నోట్‌ను ప్రశ్న రూపంలో రాసుకోండి, జవాబు కింద పెట్టండి, యాప్ ఏదైనా ఫరవాలేదు. నలుగురు కలిసి చదువుతుంటే నోషన్.

రాసే అలవాటున్నవాళ్లు, అంటే చదివినదాన్ని ఎప్పుడో ఒకచోట వాడుకునేవాళ్లు, టెక్స్ట్ ఫైళ్లకు రావడమే మేలు. పదేళ్ల తర్వాత కూడా తెరుచుకోవాలి మరి. నేను ఇప్పుడు చేస్తున్నది ఇదీ: పుస్తకం చదువుతుండగా దానిలోనే పెట్టుకున్న ఒక కాగితం ముక్క మీద నాలుగైదు మాటలు గిలుకుతాను. పుస్తకం అయిపోయాక, మర్నాడో ఆ మర్నాడో, ఆ కాగితం ముందు పెట్టుకుని ఒక టెక్స్ట్ ఫైలు రాస్తాను. కాగితం మీద ఇరవై ఉంటే ఫైలులోకి ఎక్కేవి ఏడో ఎనిమిదో. మిగతావి ఎందుకు రాసుకున్నానో నాకే అర్థం కాదు, అవి పోయినా బాధ లేదు. రెండు పనులు అంటారేమో, నిజమే, నెలకు గంట అదనంగా పడుతుంది.

## మారాలనుకుంటే

పాత నోట్లన్నీ కొత్త యాప్‌లోకి మోయకండి. నేను ఒకసారి పన్నెండు వందల నోట్లు మోశాను, అందులో తర్వాత తెరిచి చూసినవి ముప్పై కూడా ఉండవు. ఎక్స్‌పోర్ట్ చేసి ఫోల్డర్‌లో పడేయండి, ఎప్పుడు ఏది అవసరమైతే అప్పుడు దాన్ని కొత్త చోటికి తెచ్చుకోవచ్చు.

ఎక్స్‌పోర్ట్ చేసిన జిప్‌ను ఆ రోజే విప్పి చూడండి, పాత ఖాతా తీసేశాక కాదు. ఒక యాప్ నుంచి నేను తీసుకున్న జిప్‌లో నోట్లన్నీ వచ్చాయి గానీ వాటిలో పెట్టిన ఫొటోల చోట ఉత్త లింకులు మిగిలాయి, ఖాతా మూసేశాక ఆ లింకులు కూడా పనిచేయలేదు. అలాగే సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులుగా కనిపించొచ్చు. కంగారుపడి తీసేయకండి, ఫైలు బాగానే ఉంటుంది. ఎక్సెల్‌లో డేటా ట్యాబ్‌కు వెళ్లి, టెక్స్ట్ లేదా సీఎస్‌వీ నుంచి తెచ్చుకునే దారి ఎంచుకుని, ఫైల్ ఆరిజిన్ అన్నచోట 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 పెడితే అక్షరాలు వాటి చోట్లోకి వచ్చేస్తాయి. డబుల్ క్లిక్‌తో తెరిచినదాన్ని మాత్రం సేవ్ చేయకుండా మూసేయండి, లేదంటే ఎక్సెల్ దాన్ని తన పద్ధతిలో మళ్లీ రాసి నిజంగానే పాడుచేయొచ్చు.